క్రైస్తవుల ఆదివారపు కూడిక

ఆదివారము ఉదయమున తెలుగు పల్లెలలో పలుచోట్ల గంట మ్రోగును. ఉతికిన బట్టలు కట్టుకొని, కీర్తనల పుస్తకము చేతబట్టుకొని, పిల్లలను ముందు నడిపించుకొనుచు కొన్ని కుటుంబములు ఆ గంట దిక్కునకు సాగిపోవును. వారము వారము చూచు దృశ్యము గనుక దాని వెనుక సుమారు రెండువేల యేండ్ల చరిత్ర యున్నదని మనకు తోచదు. దేవుడు సర్వాంతర్యామి గదా, ప్రార్థన ఇంటనే చేసికొనవచ్చును గదా, ప్రతి వారమును ఒకచోట గుమిగూడవలసిన పని యేమి అని అడుగువారు నేడు గలరు. పదునారు వందల యేండ్ల క్రిందటను ఉండిరి. ఆ ప్రశ్నకు క్రైస్తవ సంఘము తన నడవడి ద్వారా ఏమి సమాధానము చెప్పినదో శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలెను. మనము చర్చి యనగానే కట్టడము కన్నుల ముందు నిలుచును. కాని తొలినాటి క్రైస్తవులు తమకు పెట్టుకొన్న గ్రీకు పేరు ‘ఎక్లేసియా’. గ్రీకు నగరములలో పిలుపునందుకొని పౌరులు కూడిన సభకు ఆ పేరు వాడుక. మన ‘సంఘము’ అను మాటకును అర్థము మనుష్యులే గాని గోడలు కావు. మొదటి రెండు శతాబ్దములలో క్రైస్తవులకు ప్రత్యేకముగా ఆలయములు లేవనియే చెప్పవచ్చును. ఎవరి యింటనో, ఏ మేడగదిలోనో వారు కలిసికొనెడివారు. క్రీస్తు పునరుత్థానుడైన దినమని వారమున మొదటి దినమును అందుకు ఎన్నుకొనిరి. అది రోమను ప్రపంచమున సెలవుదినము కాదు. దాసుడు యజమాని పనికి, చేతిపనివాడు తన అంగడికి పోవలసినదే. కావున ఆ కూడిక తెల్లవారక మునుపో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనో జరుగవలసి వచ్చెను.

అటువంటి కూడిక యొకటి ‘అపొస్తలుల కార్యములు’ అను గ్రంథమున వర్ణింపబడినది. త్రోయ పట్టణమున మేడగదిలో అనేక దీపములు వెలుగుచుండెను. పౌలు మరునాడు ప్రయాణము కావలసియున్నందున అర్ధరాత్రి వరకు ప్రసంగించెను. ఐతుకు అను యువకుడు కిటికీలో కూర్చుండి, నిద్రకు తూలి, మూడవ అంతస్తు నుండి క్రింద పడెను. దీర్ఘప్రసంగములలో కునికిపాట్లు పడువారందరికి ఆయనయే మూలపురుషుడని చమత్కరింపవచ్చును. కాని అందు గమనింపదగిన విషయమొకటి కలదు. యువకుడు పడగానే ప్రసంగము ఆగిపోయెను. పౌలు క్రిందికి దిగి వానిని కౌగిలించుకొనెను. మృతుడని యెత్తబడినవాడు బ్రదికెనని గ్రంథము చెప్పుచున్నది. పిమ్మట మరల మేడయెక్కి, రొట్టె విరిచి, తెల్లవారు వరకు మాటలాడుకొనిరి. ఎంతటి బోధకుని వాక్యమైనను, పడినవానిని లేవనెత్తుట కంటె ముందు రాదని ఆ రాత్రి కూడికకు తెలిసియుండెను.

రెండవ శతాబ్దారంభమున ఈ కూడికలను వెలుపలినుండి చూచిన వాడొకడు మనకు సాక్ష్యము మిగిల్చిపోయెను. ఆయన బిథినియా రాష్ట్రాధిపతియైన ప్లినీ. సుమారు 112లో ఆయన త్రాజాన్ చక్రవర్తికి వ్రాసిన లేఖలో, తాను విచారించిన వారు చెప్పిన సంగతులను పొందుపరచెను. వారు ఒక నిర్ణీత దినమున తెల్లవారక ముందే కూడుకొని, క్రీస్తును దేవునిగా నెంచి ఒకరి తరువాత నొకరు పాడెడివారట. దొంగతనము చేయమని, వ్యభిచరింపమని, మాట తప్పమని, నమ్మి దాచిన సొమ్మును లేదనమని కలిసి ప్రమాణము చేసెడివారట. మరల కూడి సామాన్యమైన భోజనము చేసెడివారట. ఇంకను వివరము రాబట్టుటకై ప్లినీ ఇద్దరు దాసీలను హింసింపజేసెను. సంఘములో వారు పరిచారికలు. లోకమున అమ్ముడుపోవు వస్తువులుగా నెంచబడిన ఆ స్త్రీలకు ఆ కూడికలో ఒక పదవియు, ఒక గౌరవమును ఉండెనని ఆ లేఖ వలననే మనము తెలిసికొనుచున్నాము.

మరి నలువదేండ్లకు లోపలివాని సాక్ష్యము లభించుచున్నది. సమరయ దేశమున పుట్టి, రోమునగరమున తత్త్వబోధకుడుగా నుండిన జస్టిన్, సుమారు 155లో అంటోనినస్ పయస్ చక్రవర్తికి ఒక విన్నపము వ్రాసి, ఆదివారమున తామేమి చేయుదుమో దాపరికము లేక వివరించెను. పట్టణములవారును పల్లెలవారును ఒకచోటికి వత్తురు. అపొస్తలుల జ్ఞాపకములు గాని ప్రవక్తల వ్రాతలు గాని వ్యవధి యున్నంతవరకు చదువబడును. అధ్యక్షుడు వానిని అనుసరించుడని హెచ్చరించును. అందరును లేచి ప్రార్థింతురు. రొట్టెయు, నీరు కలిపిన ద్రాక్షారసమును పంచబడును. కలిగినవారు తమకు తోచినంత ఇత్తురు. ఆ సొమ్ముతో అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో నున్నవారికి, పరదేశులకు సాయము జరుగును.

ఇందులో చిన్నదిగా కనబడు మాట యింకొకటి గలదు. ఆనాడు రాలేకపోయిన వారికి పరిచారకులు రొట్టెను వారి యిండ్లకు తీసికొనిపోవుదురని జస్టిన్ వ్రాసెను. తీసికొని పోవలెననిన, ఎవరు రాలేదో ముందు తెలియవలెను గదా! ఆ కూడిక వచ్చినవారిని మాత్రమే గాక రానివారిని గూడ లెక్కించుచుండెనన్నమాట. నా దృష్టిలో ఈ చరిత్రకంతకును ఇదియే కీలకము. ఆ లెక్క పెరిగి పెరిగి, 251 ప్రాంతమున రోమునగర సంఘము 1500 మందికి పైగా విధవలను దీనులను పోషించుచుండెనని బిషప్ కొర్నేలియస్ వ్రాసిన లేఖ వలన తెలియుచున్నది.

అట్టి కూడిక జరిగిన గది యొకటి భూమిలో దాగి మనకు దక్కినది. యూఫ్రటీసు నదీతీరమున, సిరియాలో దూరా-యూరోపస్ అను కోటపట్టణముండెను. సుమారు 240 ప్రాంతమున అచ్చటి క్రైస్తవులు ఒక సామాన్య గృహమును ఆరాధనకు మార్చుకొనిరి. రెండు గదుల నడుమ గోడను పడగొట్టి 60, 70 మంది కూర్చుండదగిన సభామందిరము చేసిరి. మరియొక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, దాని గోడలపై గొఱ్ఱెను భుజముపై మోయు కాపరిని చిత్రించిరి. 256లో పారసీకులు ఆ పట్టణమును పట్టుకొనిరి. అంతకుముందే నగరరక్షకులు ప్రాకారమునకు బలము కొరకు దాని ప్రక్క యిండ్లను మట్టితో పూడ్చియుండిరి. ఆ మట్టియే ఆ గృహమును కాపాడెను. 1930ల ప్రారంభమున త్రవ్వకములలో అది బయల్పడెను. సంఘము కట్టిన గోడకంటె మునుపు, సంఘము పడగొట్టిన గోడ మనకు అచ్చట కనబడుచున్నది.

ఈ కూడికకు చెల్లింపవలసిన వెల యెంతయో 303లో తేలెను. ఆ యేట డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల కూడికలను నిషేధించి, ఆలయములను కూలద్రోయవలెననియు, గ్రంథములను తగులబెట్టవలెననియు ఆజ్ఞ యిచ్చెను. నేటి ట్యునీషియా దేశమున అబితినా అను ఊరిలో బిషప్పే భయపడి గ్రంథములను అధికారుల కప్పగించెను. అయినను సాతుర్నినస్ అను పెద్ద ఆధ్వర్యమున అక్కడి క్రైస్తవులు ఇండ్లలో ఆదివారపు ఆరాధన మానలేదు. 304లో సుమారు 49 మంది పట్టువడి కార్తేజీకి కొనిపోబడిరి. వారిలో పురుషులు, స్త్రీలు, సాతుర్నినస్ బిడ్డలును ఉండిరి. తన యింట కూడుటకు ఎందుకు సమ్మతించితివని అధిపతి ఎమెరితస్ అను చదువరిని అడుగగా, ఆదివారపు ఆరాధన లేక తాము బ్రదుకజాలమని ఆయన బదులు చెప్పెను. దేవుడు ఇంటిలోను ఉండునని ఆయనకు తెలియనిది కాదు. ఏకాంతముగా ప్రార్థించుకొని ప్రాణము దక్కించుకొనుట సాధ్యమే. కాని కూడిక విడిచిన విశ్వాసము తన విశ్వాసముగా మిగులదని ఆయన నమ్మెను. వారిలో పలువురు హింసలకు, చెరకు బలియైరి.

పది యేండ్లలో కాలము తిరుగబడెను. 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ లభించెను. 321 మార్చిలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారమున న్యాయస్థానములకు, పట్టణవాసులకు, చేతిపనులకు విరామము విధించెను. వ్యవసాయదారులకు మాత్రము అదను తప్పరాదని పని చేసికొను వీలు కల్పించెను. ప్రాణములకు తెగించి రహస్యముగా పోయిన చోటికి ఇపుడు పట్టపగలు పోవచ్చును. విశాలమైన ఆలయములు వెలసెను. అపుడే మన మొదటి ప్రశ్న పుట్టినది.

ఆ ప్రశ్నవేసినవాడు సామాన్యుడు కాడు. మారియస్ విక్టోరినస్ ఆఫ్రికాలో పుట్టి, రోమునగరమున అలంకారశాస్త్రాచార్యుడుగా కీర్తి గడించిన పండితుడు. నగరమున ఆయనకు విగ్రహము గూడ నిలిపిరి. ఆయన వార్ధకమున క్రైస్తవ గ్రంథములను పరిశోధించి, తానును లోలోపల క్రైస్తవుడనే అని మిత్రుడైన సింప్లిషియానస్‌తో రహస్యముగా చెప్పెడివాడు. నిన్ను సంఘమున చూచువరకు నమ్మనని మిత్రుడనెడివాడు. అట్లయిన గోడల వలన మనుష్యుడు క్రైస్తవుడగునా అని విక్టోరినస్ పరిహసించెడివాడు. ఈ సంవాదము పలుమార్లు జరిగెనని అగస్టీన్ తన ఆత్మకథలో వ్రాసెను.

తర్కమున విక్టోరినస్‌దే పైచేయి. గోడలు ఎవరిని మార్చగలవు? కాని ఆయన తప్పించుకొనుచున్నది గోడలను కాదు, మనుష్యుల కన్నులను. గొప్పవారైన తన స్నేహితులు ఏమనుకొందురో అని ఆయన జంకుచుండెనని అగస్టీన్ స్పష్టముగా చెప్పెను. ఒకనాడు ఆయనకే తన వెఱపు పట్ల సిగ్గు కలిగి, ఆలయమునకు పోదము రమ్మని మిత్రుని పిలిచెను. విశ్వాసప్రమాణమును ఏకాంతముగా చెప్పవచ్చునని పెద్దలు వెసులుబాటు చూపినను ఆయన ఒప్పుకొనలేదు. సుమారు 355లో ఆ వృద్ధుడు వేదిక యెక్కగా జనులు ఆనందముతో ఆయన పేరును గుసగుసలాడిరట. అటుపిమ్మట 362లో జూలియన్ చక్రవర్తి క్రైస్తవులు సాహిత్యము బోధింపరాదని శాసించినపుడు, విక్టోరినస్ తన ఆచార్యపదవిని వదలుకొనెను. ఏకాంతమున నమ్మినంత కాలము మిత్రుల చిన్నచూపునకే భయపడిన పండితుడు, సంఘములో చేరిన పిమ్మట జీవనోపాధినే విడువగలిగెను. ఆయన ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానమయ్యెను.

అయితే హాజరగుట యొకటే చాలునా? చాలదని చెప్పినవారిలో ముఖ్యుడు జాన్ క్రిసోస్తోమ్. ఆ పేరునకు బంగారు నోరు గలవాడని అర్థము. 386 నుండి అంతియొకయలో బోధకుడుగాను, 398 నుండి కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రధానాచార్యుడుగాను ఆయన ప్రసంగములు వినుటకు జనము విరుగబడెడివారు. ప్రసంగము ముగియగానే, ప్రార్థనకు, సంస్కారమునకు నిలువక వెడలిపోయెడివారు. ఇది ఆయనను మిగుల బాధించెను. 399లో, పరిశుద్ధ దినములలోనే జనులు గుఱ్ఱపు పందెములకు నాటకశాలకు పరుగెత్తినపుడు ఆయన తీవ్రముగా మందలించెను. ఇంట ప్రార్థింపవచ్చును గాని, అనేకులు ఏకమనస్కులై చేయు ప్రార్థనకు గల బలము దానికి రాదని ఆయన బోధ. తన వాక్చాతుర్యము కొరకే వచ్చి, తోడివాని నిమిత్తము నిలువని శ్రోతను చూచి సంతోషింపని వక్త ఆయన.

ఆధ్యాత్మికాభివృద్ధి యనగా ఒకనాటి ఉద్రేకము కాదనియు, నెమ్మదిగా పట్టుబడు అలవాటనియు ఆ ప్రాచీనులు గుర్తించిరి. వారిలో చదువు వచ్చినవారు కొద్దిమంది. చేతివ్రాత గ్రంథములు వెలగలవి. కూడికకు పోనివానికి వాక్యమే లేదు. వారమునకొక భాగము విని, విన్నది మరల విని, పాడినది మరల పాడి, ఒక యేడు గడచుసరికి మనుష్యుడు తెలియకయే మారెడివాడు. ఎగసిన మంట కాక, నిలిచిన కుంపటి వంటిదా మార్పు.

చదువు లేని జనము, కట్టడము లేని సంఘము అను ఆ తొలినాటి పరిస్థితియే పందొమ్మిదవ శతాబ్దమున మన తెలుగునాట మరల కనబడెను. ఒంగోలున 1866లో పని ప్రారంభించిన క్లౌ దొర, 1876 నుండి 1878 వరకు సాగిన కరవులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లి వద్ద ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను లోకమెల్ల చెప్పుకొనెను. కాని నీటినుండి వెలువడిన ఆ కూలిజనము మరుసటి వారము ఏమి చేయవలెను? వారిలో అత్యధికులు అక్షరము నోచుకొనని వారు. ఒక దినమున చేరినవారిని ఒక జీవితకాలము పెంచవలసిన భారము పల్లె కూడికలపై పడెను.

ఆ భారమును పాట కొంత మోసెను. పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగతాళములలో కీర్తనలు కట్టిరి. పుస్తకము పట్టరాని ముసలమ్మ గూడ పల్లవి అందుకొని, చరణము కంఠస్థము చేసి, ఆదివారమున విన్న అర్థమును వారమంతయు నాట్లలోను కోతలలోను పాడుకొనెడిది.

ఆ పల్లె కూడికకు క్రమము నేర్పినవారిలో బిషప్ అజరయ్యగారు ప్రసిద్ధులు. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించి, 1909లో డోర్నకలునకు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పుగా అభిషిక్తులైరి. ఆయన పల్లెసంఘములలో కూలిపని ముగిసిన రాత్రివేళ, దీపపు వెలుగులో, ఉపదేశి చెప్పగా జనులు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాసప్రమాణమును నోట పలికి నేర్చుకొనెడివారు. త్రోయలోని మేడగది దీపములు ఇచ్చట మట్టిగోడల బడిగదిలో వెలిగినవనవచ్చును. గృహిణి వండునపుడెల్ల పిడికెడు బియ్యము ప్రక్కకు తీసి, ఆరాధనకు కానుకగా తెచ్చెడి వాడుక మన సంఘములలో నెలకొనెను. పుచ్చుకొనుటకే అలవాటు పడిన బీదజనము, ఇచ్చువారి మర్యాదను ఆ పిడికెడు బియ్యముతో సంపాదించుకొనెను.

సులభముగా జరిగినదని చెప్పుట సత్యము కాదు. పల్లెలో మాల మాదిగల నడుమ గల అంతరములు కూడికలోనికి గూడ ప్రవేశించెను. ఒకే రొట్టెను, ఒకే పాత్రను పంచుకొనవలసిన చోట అవి బహిరంగమయ్యెను. ఇంట ఏకాంతముగా ప్రార్థించువానికి ఇట్టి చిక్కు రాదు. ఇట్టి శిక్షణయు దొరకదు. తనకు నచ్చనివాని ప్రక్కన వారము వారము కూర్చుండవలసి వచ్చినపుడే ప్రేమయను మాటకు పరీక్ష. డోర్నకలులో మన దేవాలయ, మసీదు శిల్పరీతులను మేళవించిన గొప్ప కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడెను. అజరయ్యగారు బిషప్ అయి అప్పటికి 26 యేండ్లు గడచెను. గోడలు వెనుక వచ్చెను. మనుష్యులు ముందే కట్టబడియుండిరి.

ఈ చరిత్ర యెంత పాతదో అంత క్రొత్తది. 2020 మార్చి చివర మహమ్మారి వలన దేశమున ఆలయద్వారములన్నియు మూతపడెను. ఆ యేటి ఈస్టరు ఏప్రిలు 12న వచ్చినపుడు క్రైస్తవులు ఇండ్లలో కూర్చుండి, యంత్రముల ద్వారా ఆరాధన విని తృప్తిపడవలసి వచ్చెను. వ్యాధిగ్రస్తులకు, వృద్ధులకు అది గొప్ప ఉపకారమే. జస్టిన్ నాటి పరిచారకుడు ఇంటింటికి రొట్టె మోసినట్లే, వాక్యము వారి యింటికి వచ్చినది. దానిని తేలికగా చూడరాదు.

కాని రేడియోలో మాటలాడుచున్న నేను ఒక సంగతి ఒప్పుకొనవలెను. నా మాట మీ యింటికి వచ్చుచున్నది. మీరు నాకు కనబడుట లేదు. మీలో ఎవరు విన్నారో, ఎవరు నడుమనే లేచిపోయినారో, ఎవరు కిటికీలో కునుకుచు జారిపోవుచున్నారో నేనెరుగను. రేపు మీరు వినకపోయినచో ఈ పెట్టె మిమ్ము వెదకుచు రాదు. కూడికకు ఆ శక్తి గలదు. రెండు వారములు మీ చోటు ఖాళీగా నున్నయెడల మూడవ వారమున ఎవరో ఒకరు మీ తలుపు తట్టుదురు. అట్లు తట్టని సంఘము తన పూర్వచరిత్రను మరచినదన్నమాట. తట్టుటకు ఎవరును లేనివాడు, ఎంతటి పండితుడైనను, ఒంటరివాడే.